ఆ పుస్తకం అసలు ఉందా?

అడిగిందే తడవుగా జవాబిచ్చే యంత్రం ఒకవైపు... 'ఆధారం చూపించు' అంటున్న లైబ్రేరియన్ మరోవైపు. సింగపూర్ యూనివర్సిటీల్లో నడుస్తున్న ఈ వ్యవహారం మన పిల్లల మార్కులకూ, మన కష్టార్జితానికీ సంబంధించిందే.

పరిశోధన అంటే ఒకప్పుడు లైబ్రరీలో గంటలకొద్దీ కూర్చోవడమే. కార్డులు తిరగేయడం, బీరువాల మధ్య తిరగడం, దొరికిన పుస్తకం ముందేసుకుని నోట్సు రాసుకోవడం. ఇప్పుడా శ్రమ లేదు. ఫోన్ తీసి చాట్‌జీపీటీనో, జెమినీనో అడిగితే చాలు... అర నిమిషంలో వ్యాసం సిద్ధం. అడుగున పది రిఫరెన్సులు కూడా ఉంటాయి. రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ పద్ధతిగా. చూస్తే ముచ్చటేస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. వాటిలో కొన్ని ఈ భూమ్మీదే ఉండవు! ఎవరూ రాయలేదు. ఎవరూ అచ్చువేయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం... అచ్చంగా అదే తంతు.

ఈ సోమలింగాలను పట్టుకునే పని ఇప్పుడు యూనివర్సిటీ లైబ్రేరియన్ల మీద పడింది. కృత్రిమ మేధను వాళ్లు గుడ్డిగా వద్దనడం లేదు. అలాగని పూలదండ వేసి లోపలికి ఆహ్వానించడమూ లేదు. పరీక్షించి చూస్తున్నారు. ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ముంచుతుందో చెబుతున్నారు. ఇంటికి కొత్త కోడలొస్తేనే నాలుగు రోజులు తీరు చూస్తాం. మన చదువును చేతిలో పెట్టే యంత్రాన్ని చూడొద్దూ?

సున్నా మార్కుల కథ

2025 జూన్‌లో సింగపూర్ నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో ఒక వివాదం రేగింది. ఆరోగ్యం, అంటువ్యాధులు, రాజకీయాలకు సంబంధించిన ఒక కోర్సులో ముగ్గురు విద్యార్థులకు అసైన్‌మెంటులో సున్నా మార్కులు పడ్డాయి. కృత్రిమ మేధ వాడొద్దన్న చోట వాడారన్నది ఆరోపణ. వాళ్లు చూపించిన రిఫరెన్సుల్లో అసలు లేనివీ, తప్పుగా ఉన్నవీ కనిపించాయని యూనివర్సిటీ చెప్పింది. ఒక విద్యార్థిని మాత్రం 'నేను వాడింది రిఫరెన్సులను అక్షర క్రమంలో పేర్చిపెట్టే చిన్న సాధనమే' అని వాదించారు. ఆ వివాదం సింగపూర్ అంతా చర్చకు వచ్చింది.

ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న తీర్పు మనం చెప్పక్కర్లేదు. గమనించాల్సింది వేరే ఉంది. మొత్తం గొడవకు మూలం వ్యాసంలోని వాదన కాదు, భాష కాదు... అడుగున చిన్న అక్షరాల్లో ఉండే రిఫరెన్సులు. చాలామంది పిల్లలు ఆఖరి అరగంటలో హడావుడిగా అతికించే భాగం అది. సరిగ్గా అక్కడే కొంప మునుగుతోంది.

కోర్టులకూ ఇదే బెడద. అమెరికాలో 2023 జూన్‌లో విమానయాన సంస్థ మీద వేసిన ఒక దావాలో, చాట్‌జీపీటీ అల్లిన లేని తీర్పులను చూపించినందుకు న్యూయార్క్ కోర్టు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. సింగపూర్ కోర్టులు 2024 అక్టోబర్ 1 నుంచి మార్గదర్శకాలు అమల్లోకి తెచ్చాయి. యంత్రం సాయం తీసుకోవచ్చు, కానీ కోర్టు ముందు పెట్టే ప్రతి మాటకూ పూచీ మీదే అన్నది వాటి సారాంశం. అయినా 2025లో సింగపూర్ హైకోర్టులో లేని తీర్పు ఒకటి ప్రత్యక్షమైంది. దాన్ని చూపిన లాయరు 800 డాలర్లు ఖర్చుల కింద సొంతంగా కట్టుకోవాల్సి వచ్చింది.

నల్లకోటు వేసుకున్నవాళ్లకే తప్పని తిప్పలు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు తప్పుతాయా?

యంత్రం ఎందుకు అల్లుతుంది?

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. యంత్రానికి మోసం చేయాలన్న ఉద్దేశం ఉండదు. దానికి ఏ ఉద్దేశమూ ఉండదు. కోట్లాది పేజీలు నమిలి, ఒక మాట తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో అంచనా కట్టడమే దాని పని. రిఫరెన్సు అడిగితే రిఫరెన్సులా కనిపించే వాక్యం ఒకటి పేర్చి ఇస్తుంది. ఆ విషయం మీద రాసే ప్రొఫెసర్ల పేర్లు దానికి తెలుసు, పత్రికల పేర్లు తెలుసు. వాటిని కలిపి వండుతుంది. అందుకే అబద్ధం కూడా నిజం కంటే నీటుగా కనిపిస్తుంది. వెతికి తెచ్చి ఇవ్వడం వేరు, ఊహించి ఇవ్వడం వేరు. లైబ్రేరియన్ చేసేది మొదటిది. వట్టి చాట్‌బాట్ చేసేది రెండోది.

దీన్ని లెక్కగట్టిన వాళ్లలో ఒకరు లైబ్రేరియనే కావడం విశేషం. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ కాలేజీ లైబ్రరీకి చెందిన విలియం వాల్టర్స్, సామాజిక శాస్త్రవేత్త ఎస్తర్ వైల్డర్‌తో కలిసి 2023లో ఒక పరిశోధన ప్రచురించారు. చాట్‌జీపీటీ చేత 84 చిన్న వ్యాసాలు రాయించారు. వాటిలో వచ్చిన 636 రిఫరెన్సులను ఒక్కొక్కటే వెతికి చూశారు. జీపీటీ-3.5 ఇచ్చిన వాటిలో 55 శాతం కల్పితాలు. జీపీటీ-4 ఇచ్చిన వాటిలో 18 శాతం. నిజంగా ఉన్నవాటిలోనూ సంవత్సరమో, పేజీలో, మరొకటో తప్పుపడినవి తక్కువేం కాదు.

కొత్త యంత్రాలు ముందువాటికంటే మెరుగయ్యాయి. ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన పత్రాల నుంచి జవాబు కూర్చేవి వచ్చాయి. అయినా జబ్బు పూర్తిగా కుదరలేదు. ఉన్న పత్రాన్నే చూపించి అందులో లేని మాటను దానికి అంటగట్టే రోగం ఇంకోటి ఉంది. ఇది మరీ ప్రమాదం. పేరు వెతికితే పత్రం దొరుకుతుంది కదా, ఇక అనుమానం ఎందుకొస్తుంది?

పత్రికలవాళ్లం మేమూ ఇందులో మినహాయింపు కాదు. 2025 మే నెలలో అమెరికాలోని షికాగో సన్-టైమ్స్ 'వేసవిలో చదవాల్సిన పుస్తకాలు' అంటూ 15 పేర్లు అచ్చువేసింది. వాటిలో 10 పుస్తకాలు ఎవరూ రాయనివే! రచయితలు మాత్రం పేరున్నవాళ్లు. బయటి సంస్థ సరఫరా చేసిన ఆ పేజీని ఎవరూ సరిచూడలేదు. అదే ఏడాది అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కూడా పరిశోధకులను హెచ్చరించింది. చాట్‌బాట్లు మా భాండాగారంలో లేని ఫైళ్లకు నంబర్లు సృష్టిస్తున్నాయి, సరిచూసుకోండి అని. లేని ఫైలు కోసం వెతకడానికి పట్టే సమయం, ఉన్న ఫైలును వెతకడం కంటే ఎక్కువ. ఉన్నది కనిపిస్తే పని అయిపోతుంది. లేనిది ఎంత వెతికినా 'లేదు' అని తేలేదెప్పుడు?

ఉన్న పుస్తకాన్ని లేదంటే?

లేనిది ఉందనడం ఒక తప్పు. ఉన్నది లేదనడం ఇంకో తప్పు. ఈ రెండోదాన్ని బయటపెట్టిన వారిలో సింగపూర్ లైబ్రేరియన్ ఒకరున్నారు. సింగపూర్ మేనేజ్‌మెంట్ యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే ఆరన్ టే. పరిశోధనకు పనికొచ్చే కృత్రిమ మేధ సాధనం ఏది మార్కెట్లోకి వచ్చినా దాన్ని పట్టుకుని లోపలి యంత్రాంగం ఎలా పనిచేస్తోందో తవ్వి చూడటంలో ఆయనకు లోకమంతటా పేరుంది.

ప్రపంచంలో చాలా యూనివర్సిటీ లైబ్రరీలు ప్రైమో అనే వెతుకులాట వ్యవస్థ వాడతాయి. దానికి కృత్రిమ మేధ జోడించి 'రీసెర్చ్ అసిస్టెంట్' అని తెచ్చారు. ప్రశ్న వేస్తే లైబ్రరీ సరుకులోంచి పత్రాలు తీసి జవాబు చెబుతుంది. బాగానే ఉంది. కానీ 1921లో అమెరికాలోని టల్సాలో నల్లజాతివారి మీద జరిగిన హింస లాంటి విషయాలు అడిగితే అది చేతులెత్తేస్తోందని 2025లో అమెరికా లైబ్రేరియన్లూ, ఆరన్ టే కూడా ఎత్తిచూపారు. పుస్తకాలు లేక కాదు. మామూలు పద్ధతిలో వెతికితే బోలెడు వస్తున్నాయి. అడుగున ఉన్న భాషా యంత్రానికి, హింసకు సంబంధించిన మాటలు కనిపిస్తే ఆపేసే జల్లెడ ఒకటి బిగించి ఉంది. అది పరిశోధకుడి ప్రశ్నను కూడా చెడ్డ మాటగా లెక్కకట్టి పక్కన పడేస్తోంది. 'జల్లెడ ఆపేసింది' అని తెలియని విద్యార్థి ఏమనుకుంటాడు? ఈ విషయం మీద ఎవరూ ఏమీ రాయలేదు కాబోలు అనుకుంటాడు.

ఇది అమెరికా గొడవ అని కొట్టిపారేయకండి. రేపు మన పిల్ల ఒకతి సింగపూర్‌లో కూర్చుని 1985 నాటి కారంచేడు మీద, 1991 నాటి చుండూరు మీద పరిశోధన చేయాలనుకుంటుంది. హత్యాకాండ అన్న మాట లేకుండా ఆ ప్రశ్న అడగడం కుదురుతుందా? జల్లెడ పట్టేవాడికి మన చరిత్ర తెలుసా? వెతుకులాటలో ఏది వడకట్టాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న అందుకే లైబ్రేరియన్లు గట్టిగా అడుగుతున్నారు. కొనే ముందే కంపెనీని అడగాలంటున్నారు. ఏయే పత్రాల్లో వెతుకుతుంది? ఏవి వదిలేస్తుంది? అదే ప్రశ్న రెండుసార్లు వేస్తే అదే జవాబు వస్తుందా? ఏమీ దొరకనప్పుడు కారణం చెబుతుందా? జవాబివ్వలేని కంపెనీకి సంతకం పెట్టొద్దన్నది వాళ్ల మాట.

ఒక అచ్చుతప్పు చేసిన ప్రయాణం

యంత్రం తప్పులు గాల్లోంచి పుట్టవు. మన కాగితాల్లోంచే పుడతాయి. అందుకు 'వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ' అనే మాటే సాక్ష్యం. అలాంటి శాస్త్రం ఏదీ లేదు. 1950లలో వచ్చిన ఒక పత్రిక పాత సంచికలను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, పక్కపక్కన ఉన్న రెండు కాలమ్‌ల వరుసలు కలిసిపోయాయి. ఎడమ కాలమ్‌లోని 'వెజిటేటివ్' కుడి కాలమ్‌లోని 'ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ'తో అతుక్కుంది. పారసీ భాష నుంచి అనువాదంలో దొర్లిన పొరపాటు కూడా దానికి తోడైందంటారు. ఆ అర్థం లేని మాట నిజమైన పరిశోధన పత్రాల్లోకి పాకింది. భాషా యంత్రాలూ దాన్ని నేర్చుకున్నాయి. 2025లో పరిశోధకులు దీన్ని తవ్వి తీశారు.

యంత్రం నేర్చుకున్న తప్పును పీకేయడం మహా కష్టం. అందుకే స్కాన్ చేసిన ప్రతి పేజీని సరిచూసే లైబ్రరీ ఉద్యోగి పని ఇవాళ మరింత విలువైంది.

ఈ సరిచూసే విద్య మన తెలుగువాళ్లకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర చేసింది ఇదే. వేమన పద్యాల తాళపత్ర ప్రతులు ఊరూరి నుంచి తెప్పించాడు. ఒక్కో లేఖకుడు ఒక్కోలా రాశాడు. పండితులను కూర్చోబెట్టి ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చించాడు. ఏది అసలు, ఏది నడుమ చేరిన కల్పన అని తేల్చుకుంటూ 1829లో వేమన పద్యాలను అచ్చువేశాడు. ఒక ప్రతిని నమ్మి ఊరుకుని ఉంటే? బ్రౌన్ పండితులు వేసిన ప్రశ్నే ఇప్పుడు లైబ్రేరియన్ యంత్రాన్ని అడుగుతున్నాడు. ఈ మాట నీకు ఎక్కడిది?

మన తెలుగుకు చోటెంత?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాట్లాడేవారు 8 కోట్ల పైచిలుకు. కానీ యంత్రాలు నేర్చుకునే ఇంటర్నెట్ సరుకులో సగానికి దగ్గరగా ఇంగ్లీషే. తెలుగు వాటా ఒక శాతంలో చాలా చిన్న భాగం. అందుకే ఇంగ్లీషులో అడిగితే తడబడని యంత్రం, తెలుగు సాహిత్యం గురించి అడిగితే ఒకరి నవలను ఇంకొకరికి కట్టబెడుతుంది.

సింగపూర్ ఈ లోటును తన ప్రాంతం మేరకు పూడ్చుకునే ప్రయత్నంలో ఉంది. ఆగ్నేయాసియా భాషల కోసం ఏఐ సింగపూర్ సంస్థ 'సీ-లయన్' పేరుతో భాషా యంత్రాన్ని తయారుచేసింది. మొదట్లోనే 11 భాషలు తీసుకున్నారు. తమిళం ఉంది. తెలుగు లేదు. తమిళం ఇక్కడ అధికార భాష కాబట్టి అందులో వింత లేదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. మన భాషను ఎవరో వచ్చి యంత్రంలో పెడతారని ఎదురుచూస్తే, వాళ్లకు తోచినట్టే పెడతారు.

పెట్టే పద్ధతి మీదా ప్రశ్నలున్నాయి. 2024 మార్చిలో, జాతీయ భాషా యంత్రానికి శిక్షణ ఇచ్చేందుకు మీ రచనలు వాడుకోవచ్చా అని సింగపూర్ రచయితలను ప్రభుత్వం వైపు నుంచి అడిగారు. ప్రతిఫలం ఎంత, రక్షణ ఏమిటి అని చాలామంది రచయితలు ఎదురు ప్రశ్న వేశారు. కనీసం అడిగారు. అదే ఏడాది టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థ యజమాని ఇన్ఫార్మా, మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుంది. తొలి చెల్లింపే కోటి డాలర్లు. పత్రాలు రాసిన ప్రొఫెసర్లలో చాలామందికి ఆ సంగతి వార్తల్లో చూస్తేగానీ తెలియలేదు. ప్రొఫెసర్లు ఉచితంగా రాసిచ్చిన పత్రాలకు లైబ్రరీ చందా కడుతుంది. ఆ పత్రాలతోనే తయారైన యంత్రానికి మళ్లీ చందా కట్టమంటే లైబ్రేరియన్‌కు ఒళ్లు మండదా?

నింద వేసేవారికీ ఆధారం కావాలి

ఇంతవరకూ యంత్రాన్ని నమ్మడం గురించి చెప్పుకున్నాం. యంత్రాన్ని పట్టుకునే యంత్రం సంగతేమిటి? 'ఈ వ్యాసం మనిషి రాసిందా, ఏఐ రాసిందా' అని తేల్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మనలాంటివాళ్లకు వీటితో పెద్ద పేచీ ఉంది.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఇలాంటి ఏడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు సొంతంగా రాసిన 91 వ్యాసాలు పెడితే, సగటున 61 శాతాన్ని 'ఇది యంత్రం రాసిందే' అని అవి తప్పుగా ముద్ర వేశాయి. అమెరికా స్కూలు పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గానే గుర్తించాయి. కారణం ఏమిటంటే... పరాయి భాషలో రాసేవాళ్లం తెలిసిన మాటలే వాడతాం, వాక్యం సాదాగా రాస్తాం. సాదాగా ఉంటే యంత్రం పని అనుకుంటుందా సాఫ్ట్‌వేరు! తెలుగు మీడియంలో చదివొచ్చిన కుర్రాడికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా? అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులోనే ఇలాంటి సౌకర్యాన్ని ఆపేసింది.

ఆధారం అడిగే నియమం ఇద్దరికీ వర్తించాలి. విద్యార్థి రిఫరెన్సుకు ఆధారం చూపాలి. నింద వేసే సాఫ్ట్‌వేరు కూడా చూపాలి. మన పిల్లలు చేయాల్సింది ఒకటుంది. చిత్తు ప్రతులు దాచుకోవాలి. ఏ రోజు ఎంత రాశారో చూపే ఫైలు చరిత్రను చెరపకూడదు. చదివిన పత్రాలను ఫోల్డర్లో ఉంచుకోవాలి. రేపు అనుమానం వస్తే అవే సాక్ష్యం.

చెమట ఎవరిది?

విమర్శనాత్మకంగా చూడటం అంటే తప్పొప్పులు వెతకడమే కాదు, ఈ వస్తువు ఎవరి కష్టంతో తయారైందని అడగడం కూడా. ఈ మాట మన పాఠకులకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మెరిసే భవనం చూసినవాడికి దాన్ని కట్టినవాడు కనిపించడు కదా. చాట్‌జీపీటీ బూతులు మాట్లాడకుండా ఉండేందుకు, ఘోరమైన రాతలను చదివి గుర్తులు పెట్టే పని కెన్యాలోని కూలీలు చేశారు. గంటకు 2 డాలర్ల కంటే తక్కువే ముట్టిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది.

కరెంటు లెక్క కూడా ఉంది. 2020లో సింగపూర్ మొత్తం కరెంటులో సుమారు 7 శాతం డేటా సెంటర్లకే పోయింది. అందుకే 2019 నుంచి 2022 జనవరి వరకు కొత్తవాటికి అనుమతులు ఆపి, తర్వాత షరతులతో తెరిచారు. ఇటు మన విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో భారీ ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది. ఉద్యోగాలొస్తే సంతోషమే. కరెంటెంత, నీళ్లెంత, కొలువులెన్ని అని అడిగే హక్కు మాత్రం ఊరివాళ్లకు ఉండాలి. ఆ లెక్కలు ఒకచోట చేర్చి, అడిగినవాళ్లకు చూపించడం కూడా లైబ్రరీ పనే.

మరి మనమేం చేయాలి?

వాడొద్దని మేం చెప్పడం లేదు. షిఫ్టు దిగి, వండుకుని తిని, రాత్రి పదింటికి పుస్తకం తీసే మనిషికి ఈ యంత్రం నిజంగా ఆసరా. అర్థంకాని పేరాను సులువు చేసి చెబుతుంది. ఇంగ్లీషు వాక్యం దిద్దుతుంది. ఏ మాటలతో వెతకాలో సలహా ఇస్తుంది. అంతవరకు మంచి సహాయకుడు. సాక్షి మాత్రం కాదు.

కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ లైబ్రేరియన్లు సాండీ హెర్వియూ, అమాండా వీట్లీ 2020లోనే, అంటే చాట్‌జీపీటీ రాకముందే, ఏ ఏఐ సాధనాన్నయినా నిలదీయడానికి ఐదు అంశాలు సూచించారు. అది ఎంత నమ్మదగింది? తయారుచేసిన ఉద్దేశం ఏమిటి? ఎటువైపు మొగ్గు ఉంది? యజమాని ఎవరు? అది ఏ రకం యంత్రం? సింగపూర్ నేషనల్ లైబ్రరీ బోర్డు 2013 నుంచి నడుపుతున్న 'ష్యూర్' కార్యక్రమం కూడా ఇంచుమించు ఇదే నేర్పుతుంది. మూలం చూడు, అర్థం చేసుకో, ఇంకా వెతుకు, బేరీజు వేయి. ఇందులో పెద్ద చదువు అవసరమైంది ఏదీ లేదు.

అసైన్‌మెంటు రాసే మన పిల్లలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు...

* యంత్రం ఇచ్చిన ప్రతి రిఫరెన్సును లైబ్రరీ కేటలాగులోనో, గూగుల్ స్కాలర్‌లోనో వెతకండి. దొరకకపోతే తీసేయండి.

* దొరికినా సరిపోదు. పత్రం తెరిచి, మీరు రాసిన మాట అందులో ఉందో లేదో చూడండి. చదవనిదాన్ని చదివినట్టు చూపొద్దు.

* ఆ పత్రాన్ని తర్వాత వెనక్కి తీసుకున్నారేమో చూడండి. ఒక్క 2023లోనే ప్రపంచవ్యాప్తంగా 10 వేలకు పైగా పరిశోధన పత్రాలను ఉపసంహరించారు.

* ఏఐ ఎంతవరకు వాడొచ్చో లెక్చరర్‌ను ముందే అడగండి. వాడితే వాడినట్టు రాయండి. కోర్సుకో నియమం ఉంటుంది.

* అనుమానమొస్తే లైబ్రరీ కౌంటర్ దగ్గరకు వెళ్లండి. అడిగితే చులకనగా చూస్తారేమోనన్న జంకు వద్దు. అడిగించుకోవడమే వాళ్ల ఉద్యోగం. మీరు కట్టే ఫీజులో వాళ్ల జీతమూ ఉంది.

మేం చదువుకునేవాళ్లం కాదు, మాకెందుకీ గోల అంటారా? ఒక ఉదాహరణ చూడండి. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద ఇన్నేళ్లకు మించి పనిచేయకూడదని ఒకప్పుడు పరిమితి ఉండేది. 2025 జూలై 1 నుంచి దాన్ని ఎత్తేశారు. పనిచేయగల గరిష్ఠ వయసును 63కు పెంచారు. పాత సమాచారంతో తయారైన యంత్రం మీకు పాత రూలే చెప్పొచ్చు. అది నమ్మి, గడువు అయిపోయిందనుకుని పెట్టె సర్దుకుంటే? లేదా ఆ భయం చూపించి ఏజెంటు డబ్బు గుంజితే? జీతం, గాయానికి పరిహారం, పర్మిట్... ఏ విషయమైనా యంత్రం చెప్పింది విని, మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ సైటులో సరిచూసుకోండి. తేదీ చూడండి. పరిశోధకుడికి లైబ్రేరియన్ చెప్పే మాటే మనకూ పనికొస్తుంది.

మన పిల్లల్లో చాలామంది ఇక్కడ ట్యూషన్ గ్రాంటు తీసుకుని, చదువయ్యాక మూడేళ్లు సింగపూర్ కంపెనీల్లో పనిచేస్తామని సంతకం పెట్టి చేరినవాళ్లు. ఆ సంతకం వెనక ఊళ్లో తాకట్టు పెట్టిన పొలం ఉంటుంది, నాన్న ఓవర్‌టైమ్ ఉంటుంది. అంత ఖరీదైన చదువును ఎవరూ రాయని ఒక పుస్తకం పేరు దెబ్బతీయకూడదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు పెద్దలు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, లేదా హాస్టల్లో ఉన్న పిల్లాడితో మాట్లాడినప్పుడు మార్కులెన్ని అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి. 'వ్యాసం కింద రాసిన పుస్తకాలన్నీ నువ్వు తెరిచి చూశావా నాన్నా?'